84 డాలర్ల తుక్కు కేసు.. ‘తీసుకెళ్తే దొంగేనా?’ తేల్చింది లా డిగ్రీ లేకుండా లాయరైన ఈ జడ్జే!

పార్కింగ్‌లో అచ్చం మీ బండిలాంటిదే ఇంకో బండి. తాళం కూడా పట్టేసింది. ఇంటికెళ్లి చూస్తే నంబర్ వేరు! ఇది దొంగతనమా, పొరపాటా? అమెరికాలో అయితే కోర్టుకెక్కిన ఇలాంటి కేసుల్లో తేల్చేది జ్యూరీ, అంటే మామూలు జనం. వాళ్లకు చట్టం ఏం చెబుతోందో వివరించేది జడ్జి. ఆ జడ్జే తప్పు చెబితే? ఆ పాయింట్ మీదే 1952లో తీర్పు రాశారు సుప్రీంకోర్టు జస్టిస్ రాబర్ట్ జాక్సన్.

ఇంతకీ ఎవరీయన? 1892లో పెన్సిల్వేనియాలోని ఓ పల్లెలో పుట్టారు. కాలేజీ ముఖం చూడలేదు. లాయర్ ఆఫీసులో పని నేర్చుకుని, లా స్కూల్లో ఏడాది చదివి, 21 ఏళ్లకే ప్రాక్టీస్ పెట్టారు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఆయన్ని అటార్నీ జనరల్‌ని చేశారు, 1941లో సుప్రీంకోర్టుకు పంపారు. 1945లో న్యూరెంబర్గ్‌లో నాజీ నేతలపై కేసు నడిపిన అమెరికా చీఫ్ ప్రాసిక్యూటర్ కూడా ఈయనే.

అంతటి మనిషి ముందుకొచ్చిన ఈ కేసు విలువ ఎంతో తెలుసా? 84 డాలర్లు!

మిషిగన్‌లో ఓ మాజీ సైనికుడు. చలికాలంలో పాత ఇనుము ఏరి అమ్ముకుంటాడు. 1948 డిసెంబర్‌లో వేటకెళ్తే, సైన్యం ప్రాక్టీస్ చేసే స్థలంలో తుప్పుపట్టిన బాంబు డొల్లలు కుప్పలుగా కనిపించాయి. పట్టపగలే ట్రక్కులో వేసుకుని వెళ్లి అమ్మేశాడు. ఎవరూ అక్కర్లేదని పారేశారనుకున్నానని మొదట్నుంచీ చెప్పాడు. కింది కోర్టు జడ్జి మాత్రం ఆ మాటే పట్టించుకోవద్దన్నట్టు జ్యూరీకి చెప్పేశారు. తీసుకెళ్లాడు కాబట్టి దురుద్దేశం ఉన్నట్టేనట! శిక్ష పడింది. అప్పీల్ కోర్టూ అదే అంది.. ఆ చట్టంలో ఉద్దేశం అనే మాటే లేదు కదా అని.

జాక్సన్ ఒప్పుకోలేదు. మాట రాయనంత మాత్రాన దొంగతనం నుంచి దొంగబుద్ధిని విడదీయలేమన్నారు. కావాలని చేయలేదని చిన్నపిల్లలు చెప్పే సాకును కూడా తీర్పులో గుర్తుచేశారు. అతని మనసులో ఏముందో తేల్చాల్సింది జ్యూరీయే, జడ్జి ముందే ఊహించి చెప్పకూడదని శిక్ష కొట్టేశారు. బెంచ్‌లో ఒక్కరు కూడా విభేదించలేదు.

కారు కేసుల్లో ఇదెక్కడ పనికొస్తుంది? ఉదాహరణకు కాలిఫోర్నియాలో ఓనర్ పర్మిషన్ లేకుండా బండి నడిపారని చూపిస్తే చాలదు. కాసేపైనా సరే, ఓనర్‌కి ఆ బండి దక్కకుండా చేయాలనే ఉద్దేశం ఉందని కూడా జ్యూరీ నమ్మాలి. అంటే సరదాగా ఓ రౌండ్ వేసొచ్చాననే సాకు అక్కడ చెల్లదు. మన బండే అనుకున్నవాడి సంగతి వేరు.

1954 మార్చిలో జాక్సన్‌కి గుండెపోటు. అయినా మే 17న, స్కూళ్లలో నల్లజాతి పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదన్న తీర్పు రోజున, కోర్టుకొచ్చి కూర్చున్నారు. అదే ఏడాది అక్టోబర్ 9న, 62 ఏళ్ల వయసులో కన్నుమూశారు.