సిద్ధేంద్రయోగి

కృష్ణవేణి బెజవాడ కొండల నడుమనుండి వెలువడి, పల్లపు నేలలో అడుగిడిన తోడనే వేగము తగ్గించుకొని, నల్లరేగడిని పెంచి పోషించుచు, హంసలదీవి కడ సముద్రుని చేరును. ఈ ప్రయాణములో ఆమె ఎడమ యొడ్డు ప్రక్కన, ఒకనాటి కాలినడకలో ముగియు దూరమున, మూడు గ్రామములు కలవు. మొదటిది శ్రీకాకుళము. అచటి ఆంధ్రవిష్ణువు స్వప్నమున ఆనతిచ్చుటచేతనే ఆముక్తమాల్యదను రచించితినని కృష్ణదేవరాయలు చెప్పుకొనెను. రెండవది మొవ్వ. అచటి గోపాలస్వామిని నాయకునిగా నిలిపి క్షేత్రయ్య పదములు కట్టెను. మూడవది కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేరు విననివారు ఈ సీమలో అరుదు. కాని ఆయన సత్యభామను ఏల సృష్టించెనో విచారించిన వారును అంతకంటె అరుదే.

భూమికి అడంగలు కలదు, శిస్తుకు లెక్క కలదు. యోగి పుట్టుకకు మాత్రము దస్తరము లేదు. సిద్ధేంద్రుడు 14వ శతాబ్దివాడని కొందరును, 17వ శతాబ్దివాడని పెక్కురును చెప్పుదురు. మాచుపల్లి కైఫీయతునుబట్టి చూడగా, 16వ శతాబ్ది తొలినాళ్ళలోనే కూచిపూడి భాగవతులు విజయనగరమునకు పోయి, సంబెట గురవరాజు ప్రజలను పెట్టు బాధలను వీరనరసింహరాయల యెదుట కేళిక కట్టి ఆడి చూపిరి. కనుక ఆయన 17వ శతాబ్దివాడే యైనచో, ఉన్న ఆటకు ప్రాణము పోసినవాడగును గాని ఆటను పుట్టించినవాడు కాడు. రెంటిలో ఏది నిజమైనను ఆయన గొప్పతనమునకు లోటు లేదు.

చిన్ననాట ఆయన పేరు సిద్ధప్ప. తల్లిదండ్రులు లేని బ్రాహ్మణ బాలుడు. ఊరివారి దయచేత పెరిగి, శ్రీకాకుళపు స్వామి సన్నిధిలో ఊడిగము చేయుచు దినములు గడపెను. ఆ కాలపు ఆచారముననుసరించి, ఊహ తెలియక పూర్వమే ఆయనకు వివాహమైనది. పెండ్లికూతురిది నదికి ఆవలి యొడ్డు. పిమ్మట సిద్ధప్ప ఉడుపికి పోయి మధ్వమఠమున శాస్త్రములు చదివెను. నారాయణతీర్థుల శిష్యుడనియు ఒక వాడుక కలదు. చదువు ముగిసి తిరిగి వచ్చునాటికి ఆయన యువకుడు. ఆవలి యొడ్డున భార్య యుక్తవయస్కురాలు. పునస్సంధానమునకు రమ్మని అత్తవారినుండి కబురు వచ్చెను.

ఇక్కడినుండి కథ ఏటిపాలైనది. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియగుటకు ముందు కృష్ణ ఎట్టిదో ఈ తరమువారు ఊహించుట కష్టము. కాలువలు లేవు, తలుపులు లేవు, నీటిని నిలువరించు గోడ లేదు. పడమటి కొండలలో కురిసిన వానయంతయు ఒక్కమారుగా ఈ పల్లము మీదికి వచ్చి పడెడిది. సాయంకాలము మోకాలిలోతున దాటిన రేవు తెల్లవారుసరికి కంటికి ఆననంత వెడల్పై, చెట్లను పెకలించుకొని పోవుచుండెడిది. అట్టి నదిని దాటి భార్య కడకు పోవలెనని సిద్ధప్ప బయలుదేరెను. నడియేటికి వచ్చుసరికి వరద మించెను. ముందుకు పోలేడు, వెనుకకు రాలేడు. ప్రాణము పోవుట నిశ్చయమని తోచినప్పుడు, శాస్త్రము అనుమతించిన ఆతురసన్న్యాసమును ఆయన ఆ నీటిలోనే స్వీకరించెను. మరణము ఎదురైనవాడు మనస్సులో సంకల్పించినంతనే సన్న్యాసి యగును. హోమము గాని గురువు గాని అక్కరలేదు. సన్న్యాసము రెండవ జన్మ గనుక, మొదటి జన్మకు వ్రాసిపెట్టిన చావు అంతటితో తీరిపోవునని పెద్దల నమ్మకము. వరద ఆయనను ఒడ్డున పడవేసినది.

ప్రాణము దక్కినది. ఇక ఆ ప్రతిజ్ఞ మాట ఏమి? అది వైరాగ్యమున పుట్టినది కాదు, భయమున పుట్టినది. చూచినవారు లేరు, విన్నవారు లేరు. అది నీటిమీది వ్రాత యని సరిపుచ్చుకొని, తడిబట్టలు పిండుకొని అత్తవారింటికి పోయియుండిన ఆయనను నిందించువారు ఎవరు? పల్లెలలో ఆపదమ్రొక్కులు ఎన్ని తీరుచున్నవో అందరును ఎఱిగినదే. సిద్ధప్ప మాత్రము ఆ మాటకు కట్టుబడి సిద్ధేంద్రయోగి ఆయెను. కాషాయము కట్టెను.

ఇంతవరకు చెప్పి కథకులు ఆయనకు నమస్కరించి ముందుకు సాగుదురు. ఆవలి యొడ్డున ఉన్న ఆమెను గూర్చి ఎవరును మాటాడరు. పసుపు కుంకుమలతో అలంకరించుకొని, వచ్చునన్న భర్తకొఱకు వాకిలి చూచుచు కూర్చున్న ఆ ఇల్లాలి పేరుకూడ మనకు దక్కలేదు. ఆమె చేసిన తప్పేమి? నది చేసిన పనికి ఆమె జీవితమంతయు శిస్తు కట్టవలసివచ్చినది. సిద్ధేంద్రుడు ఆమెను మఱచెనని తలచుట సాధ్యము కాదు. ఏలయన, సన్న్యాసి యైన పిమ్మట ఆయన వ్రాసినది వేదాంతభాష్యము కాదు. భర్త విడిచిపోగా విరహమున కుమిలిపోవు ఒక స్త్రీ కథ వ్రాసెను. అదియే భామాకలాపము.

సత్యభామ తెలుగువారికి క్రొత్తది కాదు. రాయల సభలో నంది తిమ్మన పారిజాతాపహరణము వ్రాసి, పాదములపై వ్రాలిన కృష్ణుని శిరస్సును ఎడమకాలితో త్రోయునంతటి అభిమానవతిని చూపెను. అందు వంగినవాడు కృష్ణుడు. సిద్ధేంద్రుని కలాపమున ఆ వ్యవహారము తలక్రిందులైనది. అద్దములో చూచుకొని అందము ఎవరిదను వాదు పుట్టును. కృష్ణుడు అలిగి వెడలిపోవును. అంతటితో ఆయన పని ముగిసినది. కడపటి వఱకు మఱల కానరాడు. రంగమున మిగిలినది సత్య, ఆమె గర్వము, ఆమె తాపము. వంగవలసినది ఆమెయే. భరతముని చెప్పిన అష్టవిధ నాయికలలో స్వాధీనపతికగా ప్రవేశించిన ఆమె కొంతసేపటికి కలహాంతరిత యగును, పిదప విరహోత్కంఠిత యగును. వేషము మారదు, మనిషి మారదు. లోపలి స్త్రీ మాత్రము మారుచుండును.

వీధిభాగవతము చూచిన పెద్దలు ఆమె ప్రవేశమును మఱువజాలరు. ఇరువురు తెర పట్టుకొందురు. కాగడా మంటలో గుగ్గిలము చల్లగా భగ్గున వెలుగు లేచును. ఆ వెలుగులో తెరమీదుగా ఈవలకు ఒక పొడవైన జడ వచ్చి పడును. ముఖము కనబడదు, జడ మాత్రమే. ఆటలో తన్ను మించువారున్నచో వచ్చి ఈ జడను కోయవచ్చునని సభకు అది సవాలు. ఆ జడ తలభాగమున సూర్యుడు, చంద్రుడు. వెంట పాకివచ్చు నాగబంధము. వెలుగు చీకట్లు రెండును ఆమె తలపైననే ఉన్నవి. జడ మూడుపాయల అల్లిక. త్రిగుణములని భావించినచో సరిపోవును. సత్త్వమును వేరుచేసి తమస్సును పారవేయుదమన్నచో జడయే విడిపోవును. మనుష్యుని గర్వమును సిద్ధేంద్రుడు కిరీటముగా గాక జడగా చూపినాడు. కిరీటమైనచో తీసి ప్రక్కన పెట్టవచ్చును. జడ మనిషితో పెరిగినది. కోసిన గాని పోదు.

పిదప మాధవి వచ్చును. ఆమె సత్యకు చెలికత్తె. నీ భర్త పేరేమని అడుగును. కులస్త్రీ భర్త పేరు నోట పలుకరాదు. సత్య సిగ్గుపడును, చేతితో చూపును, చుట్టు తిప్పి చెప్పును. సభయంతయు నవ్వును. కాని విచారింపుడు: జగమంతయు తనదే అన్నట్లు ప్రవేశించిన స్త్రీ, తనవానిని రమ్మని కబురంపుటకు ఆ పేరొక్కటి పలుకలేక నిలిచిపోయినది! తరువాత లేఖ వ్రాయును. మాధవి రాయబారమునకు వెల అడుగును. తక్కిన నగలన్నియు ఇత్తునన్నను ఒల్లదు. ముక్కరయే కావలెనని పట్టుబట్టును. ముక్కర సువాసినికి గుర్తు. ఏ భర్తకొఱకు రాయబారము పంపుచున్నదో, ఆ భర్త ఉన్నాడను గుర్తునే ముందు వదలుకొనవలెను. సత్య చాల సేపు పెనగులాడి తుదకు ఇచ్చివేయును. గర్వము వంగిన చోటు ఇదియే. కృష్ణుడు వచ్చుట అటుపిమ్మటి మాట.

సత్య జీవాత్మయనియు, కృష్ణుడు పరమాత్మయనియు, ఇరువురను కలుపు మాధవి గురువనియు పెద్దలు అర్థము చెప్పుదురు. అది యథార్థమే. ఐనను సత్యను ఉత్త జీవాత్మగా చేసి కూర్చుండబెట్టినచో ఆటలోని రక్తమాంసములు ఎండిపోవును. ఆమె ప్రేమకును గర్వమునకును మూలము ఒక్కటియే. కృష్ణుడు నావాడు అనుకొనుట. ఆ మాటను ఒత్తి పలికిన అహంకారము, కన్నీటితో పలికిన భక్తి. మాధవి పాత్రలో ఇంకొక చిత్రము కలదు. ఆ పాత్రను ధరించువాడు సూత్రధారుడే. సత్య యెదుట నిలిచినప్పుడు ఆతడు మాధవి. కృష్ణుని కడకు పోయినప్పుడు ఆతడే మాధవుడు. ఒక్క మనిషి, ఇరుపక్షముల మిత్రుడు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై రెండు పక్షులు కలవు. ఒకటి పండు తినును, ఇంకొకటి చూచుచుండును. నడియేట ఒకమారు, అటు భార్యకును ఇటు సన్న్యాసమునకును నడుమ నిలిచిన సిద్ధేంద్రుడు తన స్థానమును కలాపమున ఎక్కడ ఉంచుకొనెనని అడిగినచో, ఈ సూత్రధారునియందే అని చెప్పవలసియుండును.

కలాపము వ్రాసిన పిదప దానిని ఆడించుటకు ఆయన కూచిపూడి బ్రాహ్మణ బాలురను ఎన్నుకొనెను. ఆ ఊర పుట్టిన ప్రతి మగవాడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టి తీరవలెనని వారిచేత ప్రమాణము చేయించెను. దీనికి కారణములు పలువురు పలు విధముల చెప్పుదురు. స్త్రీలను ఆటకు రానీయని ఆనాటి కట్టుబాటును, కలావంతుల మేళములపై ఉన్న చిన్నచూపును ఇందు లేవని అనుట పక్షపాతమగును. ఆ కలావంతులును భామాకలాపమును తరతరములుగా ఆడిరి. వారికి దక్కవలసిన కీర్తి దక్కలేదు. ఐనను ఆ ప్రమాణమున వేఱొక లోతు కలదు. పగలు వేదము చదివి, చెఱువుగట్టున పొరుగువానితో గట్టుతగవు పడిన మనిషియే రాత్రి జడ వేసికొని, ముక్కర పెట్టుకొని, రాని భర్తకొఱకు ఏడ్వవలెను. పురుషుడనను బింకము ఒక్క రాత్రియైనను తెరవెనుక విడిచి రావలెను. ఆవలి యొడ్డున ఒక స్త్రీ పడిన వేదనను ఊరిలోని మగవారందరు వంతుల ప్రకారము అనుభవించునట్లు చేసినాడా ఈ యోగి? అట్లు అనుకొనుటకు వీలున్నది.

ఈ ఆటకు రాజాదరణము కూడ లభించినది. గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా మచిలీపట్టణపు పర్యటనమున భాగవతుల ఆట చూచి మెచ్చి, 1678లో కూచిపూడిని వారికి అగ్రహారముగా ఇచ్చెనని ప్రతీతి. ఆయన మంత్రులగు అక్కన్న మాదన్నల పేర బెజవాడ కొండక్రింద గుహాలయములు నేటికిని కలవు. 1763లో భాగవతుల కుటుంబములు ఆ ఆస్తిని పంచుకొన్నట్లు పంపకపు కాగితము కలదు. వేదాంతము, వెంపటి, భాగవతుల, పసుమర్తి మున్నగు ఇండ్లపేర్లు ఆ గ్రామమునకు ఆనవాళ్ళు. నేల పంచుకొన్నారు గాని సత్యభామను పంచుకొనలేదు. ఆమె ప్రతి ఇంటికిని చెందినది.

ఆ వేషమున తరతరమునకు ఒక గొప్పవాడు పేరు గాంచెను. ఇటీవలివారిలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యగా తెరవెడలినపుడు స్త్రీలే చూచి నడక నేర్చుకొనవలెనని ప్రేక్షకులు అనుకొనెడివారు. వెంపటి చినసత్యం (1929–2012) 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి బాలికలకు విరివిగా నేర్పెను. ఆయనకు ముందే వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు ఈ విద్య చెప్పి ఊరివారి విసుర్లను సహించియుండెను. నేడు సత్యభామ వేషము కట్టువారిలో అధికులు స్త్రీలే.

సిద్ధేంద్రుని పేర కూచిపూడిలో నాట్యకళాపీఠము కలదు. ఆయన స్మృత్యర్థము ఉత్సవములు జరుపుచుందురు. నాడు ప్రాణములు అరచేత పట్టుకొని దాటిన నదిపై నేడు వంతెనలు కలవు. ఆవలి యొడ్డు గ్రామములనుండియు బస్సులెక్కి వచ్చి జనులు ఆట చూతురు. బాలాత్రిపురసుందరికి ప్రార్థన ముగియును, తాళము మ్రోగును, ఇరువురు వచ్చి తెర పట్టుకొందురు.