పగిలిన తుపాకీతో గురి నేర్చుకున్న కుర్రాడు.. జిమ్ కార్బెట్!

జిమ్ కార్బెట్ అంటే నరభక్షక పులుల వేటగాడని చాలామందికి తెలుసు. మరి ఆ గురి ఎక్కడ కుదిరింది?

1875లో నైనిటాల్‌లో పుట్టారు. ఆరేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. చలికాలమంతా కాలాఢుంగీలో మకాం. ఇంటిని ఆనుకునే అడవి. ముందు ఉండేలు, తర్వాత విల్లంబులు, ఆపై ఓ పాత జంట గొట్టాల తుపాకీ. కుడి గొట్టం పగిలిపోయి, ఇత్తడి తీగతో కట్టి ఉండేది (ఇప్పటి పేరెంట్స్ చూస్తే గుండె ఆగిపోద్ది!). పేలేది ఒక్క గొట్టమే. గురి తప్పిందా.. మళ్లీ మందు కూరేలోపు జంతువు మాయం. అందుకే అడవిని వినడం నేర్చుకున్నారు. ఏ పక్షి ఎందుకు అరిచింది, ఏ అడుగుజాడ ఎవరిది.. ఇదే ఆయన చదువు. స్కూల్లో క్యాడెట్‌గా పదేళ్లకే రైఫిల్ పట్టారు.

436 మందిని పొట్టనపెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో కూల్చింది ఆయనే. నరభక్షకుల వేట 1938 దాకా సాగింది. కానీ సరదా వేట మాత్రం మానేసి, మూవీ కెమెరా పట్టారు. స్కూళ్లకు వెళ్లి పిల్లలకు అడవి గురించి చెప్పేవారు. 1936లో దేశంలోనే తొలి నేషనల్ పార్క్ ఏర్పాటులోనూ ఆయన చెయ్యి ఉంది.

1955లో కెన్యాలో కన్నుమూశారు. ఆ తర్వాత ఆ పార్కుకు ఆయన పేరే పెట్టారు.