అమెరికాలో మనవాడు: డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

మామిడి కోతలు ముగిసి తోటలు ఖాళీ అయ్యాక మా రెడ్డిగూడెం అరుగుల మీద వినబడే మాట ఒకటే: అమెరికా. ఎవరి అబ్బాయికి సీటు వచ్చింది, ఎవరి అమ్మాయికి వీసా ఆగింది, ఏ తోట తాకట్టు పెడితే ఎంత అప్పు పుడుతుంది! సెలవులు అయిపోయి హాస్టలుకు తిరిగివస్తే ఇక్కడా అదే గోల. అమెరికా మనలాంటి వాళ్ళకు మొదటినుంచీ తలుపులు బార్లా తెరిచిన దేశమని చాలామంది అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదని చెప్పడానికి ఒక తెలుగువాడి జీవితం చాలు. ఆయనే డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువులో మెరిసిన కుర్రాడేమీ కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. పరీక్ష తప్పి గదిలో ముసుగుతన్ని పడుకునే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి! మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. దొర ప్రొఫెసరుగారికి అది కిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది.

1921లో మరో పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. వైద్యుడై ఉండీ వాళ్ళను దక్కించుకోలేకపోయారు. ఆ బాధతోనే మందుల పరిశోధన వైపు ఆయన మనసు మళ్ళింది. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో ఓడెక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో దిగారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు.

అప్పటి అమెరికా ఎలాంటిది? 1917 నాటి చట్టం మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసలను నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు. సుబ్బారావుగారు ఆ సందులోంచే లోపలికి వెళ్ళారు. ఆయన వెళ్ళిన నాలుగు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో ఓడిపోయిన భగత్ సింగ్ థిండ్ అమెరికా సైన్యంలోనే పనిచేసిన పంజాబీ!

అటువంటి రోజుల్లో సుబ్బారావుగారు పగలు హార్వర్డులో చదువుతూ, రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. నేటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేర్చుకునే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అదే. తరువాత కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.నీ ఇద్దరూ వేరుచేశారు. ఏ.టి.పి.ని అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుగారికి పి.హెచ్.డి. వచ్చింది. వచ్చి ఏం లాభం? హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరాక ఆయన ప్రతిభ పూర్తిగా వెలుగు చూసింది. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు పనికొచ్చే మందు అది! అక్కడే తయారైన అమినోప్టెరిన్‌తో 1947, 48లలో డాక్టరు ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు, కొంతకాలమైనా సరే, ఉపశమనం చూపించాడు. బోదకాలు మందు హెట్రజాన్, మొట్టమొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనల ఫలితాలే.

ఈలోగా అమెరికా కొంచెం కదిలింది. 1946 జూలైలో భారతీయులకు పౌరసత్వపు హక్కు ఇచ్చారు. వలసకు మాత్రం ఏడాదికి వందమందే! సుబ్బారావుగారు ఆ పౌరసత్వం తీసుకోలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండె ఆగి వెళ్ళిపోయారు. ఆయన ఓడెక్కాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. శేషగిరిగారు కూడా భర్తను మళ్ళీ చూడలేదు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలి మూల్యాన్ని కూడా లెక్కలో వేయాలి.

మరి మనవాళ్ళు వేలూ లక్షలుగా ఎప్పుడు వెళ్ళారు? నల్లజాతివారు బస్సుల్లో, బడుల్లో, వీధుల్లో దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి పోరాడితే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ గాలిలోనే 1965లో దేశాన్నిబట్టి కోటాలు పెట్టే పాత వలస చట్టం పోయింది. ఆ తరువాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానాలెక్కారు. అంటే మనం దాటే గడపను మనకన్నా ముందు ఎవరో తమ కష్టంతో అరగదీశారన్నమాట.

మిత్రులారా! మా ఊళ్ళో గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంది. కోస్తా పల్లెల్లో బోదకాలుకు పంచిన మాత్ర ఆయన మందే. అవి మింగిన వాళ్ళలో ఆయన పేరు ఎరిగినవాళ్ళు ఎందరు? మనలో అమెరికా వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, తప్పులేదు. కానీ తలుపు మూసి ఉన్న రోజుల్లో పాత్రలు కడిగి పైకొచ్చిన ఆ భీమవరం మనిషినీ, ఆ తలుపు తీయించిన నల్లవారినీ మరిచిపోకండి. అక్కడ మనకన్నా వెనక వచ్చినవాడి మొహం మీద మనమే తలుపు వేయకుండా ఉంటే, అదే ఆయనకు మనమిచ్చే నిజమైన నివాళి.