పిచ్చుక వెంట నడిచిన సలీం అలీ

ఏటా మార్చి చివరనో, ఏప్రిల్ మొదటనో దుబాయి ముష్రిఫ్ పార్కులోని ఘాఫ్ చెట్ల మీద ఒక చిన్న పిచ్చుక వచ్చి వాలుతుంది. చూపులకు ఊరపిచ్చుకలాగే ఉంటుంది గాని, మగదాని గొంతు కింద పసుపు మచ్చ ఒకటి కనబడుతుంది. చలికాలమంతా భారతదేశంలో గడిపి, ఇక్కడి చెట్ల తొర్రల్లో పిల్లల్ని చేసుకొని, ఆగస్టు సెప్టెంబరు నెలల్లో తిరిగి వెళ్ళిపోతుంది. మన కుటుంబాలు వేసవి సెలవులకు అటు పోతే, ఇది వేసవికి ఇటు వస్తుందన్నమాట. ఈ పిట్ట ఒక మహనీయుని జీవితాన్నే మలుపు తిప్పిందని మన పిల్లలకు చెబుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఊహ తెలియకముందే తల్లిదండ్రులు పోగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. మేనమామ వేటగాడు, మేనల్లుడికి ఒక గాలి తుపాకి కొనిచ్చాడు. ఆ రోజుల్లో దానితో పిచ్చుకలను కొట్టడం పిల్లవాడికి ఆట. ఇది మెచ్చదగిన పని అని మేము అనము. అయితే గూడు ముందు కూర్చున్న మగపిట్టను కొడితే, ఆడది వెంటనే ఇంకొక మగదాన్ని తెచ్చుకొంటోందనీ, ఏడు రోజుల్లో అలా ఎనిమిది మగపిట్టలను కొట్టాననీ ఆ పసివాడు కాగితం మీద రాసిపెట్టుకొన్నాడు. కొట్టిన పిల్లలు వేలమంది ఉంటారు, రాసుకొన్నవాడు ఒక్కడే.

ఒకనాడు కొట్టిన పిచ్చుకకు గొంతు కింద పసుపు మచ్చ ఉంది. ఇది తినదగినదో కాదో అని మేనమామను అడిగితే ఆయనకూ తెలియలేదు. ఒక ఉత్తరం రాసిచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరగారి వద్దకు పంపాడు. ఇది 1908 నాటి సంగతి. దొర విసుక్కోలేదు. పిట్ట పేరు చెప్పి, అల్మారాలు తెరిచి, దూది కూరి భద్రపరచిన వందలాది పక్షులను ఒక్కొక్కటే చూపించాడు. చదువుకొమ్మని పుస్తకాలిచ్చాడు. ముష్రిఫ్‌కు వచ్చేది ఆ జాతి పిచ్చుకే.

తరువాతి దారి పూలబాట కాదు. 1914లో బర్మాలో అన్నగారి గనుల వ్యాపారానికి వెళ్ళి, లెక్కల కంటె అడవిలోని పిట్టలనే ఎక్కువ చూశారు. విశ్వవిద్యాలయం పట్టా లేదని ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం ఇవ్వలేదు. (పట్టాల కోసం పిల్లల్ని ఊపిరాడనివ్వని మనబోటి తల్లిదండ్రులు ఇది గమనించాలి.) బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ పండితుని వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి, బొంబాయి మ్యూజియంలో ఉన్న చిన్న ఉద్యోగం కూడా డబ్బు లేక రద్దయింది. భార్య తెహ్మీనాతో సముద్రపు ఒడ్డున కిహీం గ్రామం చేరి, అక్కడ గిజిగాడి గూళ్ళను నెలల తరబడి చూశారు. మగపిట్ట ఒక గూడు సగం కట్టి, ఆడది వచ్చి ఒప్పుకొంటే పూర్తిచేసి, మళ్ళీ ఇంకొక గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడదాన్ని పిలుస్తుందని తేల్చారు. ఉద్యోగం పోయిన ఏడాదే ఆయనకు పేరు తెచ్చింది!

మనకు మరీ దగ్గరైన ఘట్టం 1931-32లో జరిగింది. జీతం అక్కరలేదు, తిరుగుడు ఖర్చులు పెట్టుకొంటే చాలునని సంస్థానాలకు చెప్పి, నైజాం రాజ్యంలోని పక్షుల లెక్క చేపట్టారు. నల్లమలలో మన్ననూరు, ఫరహాబాదు అడవుల్లో గుడారాలు వేసుకొని భార్యాభర్తలిద్దరూ తిరిగారు. ఏ పిట్ట, ఏ ఊరు, ఏ తేదీ అని రాసిన ఆ జాబితాలు సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. తొంభై ఏళ్ళ క్రితం తెలంగాణలో ఏవి ఎగిరేవో తెలియాలంటే నేటికీ వాటినే తిరగేయాలి.

1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్మీనా మరణించారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్కగారి ఇంట ఉంటూ పనిలో మునిగారు. 1941లో భారతీయ పక్షుల పుస్తకం, 1968-74 మధ్య రిప్లీతో కలిసి పది సంపుటాల గ్రంథం వెలువడ్డాయి. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. గెట్టీ బహుమతి సొమ్మును సొసైటీకే ఇచ్చివేశారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర కలివికోడి దొరికింది. 1900 తరువాత శాస్త్రజ్ఞులెవరికీ కనబడని పక్షి అది. సొసైటీ పరిశోధకులు వెతుకుతూ ఉండగా, అయితన్న అనే స్థానికుడు రాత్రి దీపం వెలుగులో దాన్ని పట్టాడు. పుస్తకాలు పోయిందనుకొన్న పిట్టకు అక్కడివారి నోట పేరు బ్రతికే ఉంది. ఆ వార్త విన్న మరుసటి ఏడు, 1987 జూన్ 20న, తొంభయ్యవ ఏట సలీం అలీ కన్నుమూశారు.

ఎమిరేట్స్‌లో పక్షులను చూసేవారు ఇప్పటికీ ఆయన పద్ధతినే నడుస్తున్నారు. 1977లో అబూధాబీలో ప్రకృతి సంఘం వెలసిన నాటినుంచి ఏటా వచ్చే అతిథులను నమోదు చేస్తున్నారు. వసంతంలో దారిన పోయే పిట్టలు, శరదృతువులో బురదల్లో దిగే ఉల్లంకులు, చలికాలంలో రాస్ అల్ ఖోర్‌లో రాజహంసలతో పాటు బాతులు, గద్దలు. అరుదైన పిట్ట చూశామంటే సరిపోదు. వివరాలు ఒక కమిటీ పరీక్షించాలి. మాలో ఒకరు ఎంతో సంబరంగా పంపిన వార్త తేదీ సరిగ్గా లేక తిరిగి వచ్చింది. ఆయన నెల రోజులు మాతో మాట్లాడలేదు, తప్పు మాది కాకపోయినా.

ఏప్రిల్ మొదటి సెలవురోజున తెల్లవారుజామునే ముష్రిఫ్ వెళ్దామనుకొంటున్నాము. పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి పంపండి. పాలపిట్ట కూడా కనబడుతుంది, దసరా దాకా ఆగనక్కరలేదు. ఫలహారాలు మేము తెస్తాము.