అంధుల విద్యాదాత వలెంటిన్ హావీ

ఫ్రాన్సు దేశమునందలి యొక చిన్న యూరిలో 1745వ సంవత్సరమున, ఒక నేతవాని యింట వలెంటిన్ హావీ జన్మించెను. ఇతడు పెక్కు భాషలు నేర్చి, పారిసు నగరమున దుబాసి పనిచే జీవించుచుండెను.

1771వ సంవత్సరమున ఆ నగరపు సంతలో కొందఱంధులకు వింతవేషములు వేసి, అద్దములులేని పెద్ద కళ్ళజోళ్ళు తగిలించి, ఎదుట సంగీతపుస్తకములుంచి ఫిడేళ్ళు వాయింపించుచుండిరి. జనులు పకపక నవ్విరి. హావీ నవ్వలేదు. ఇట్టివారిచే నిజముగనే చదివింపవలెనని యతడు సంకల్పించెను.

1784వ సంవత్సరమున బిచ్చమెత్తుకొనుచున్న ఫ్రాన్స్వా లెస్యూర్ అను అంధయువకుని హావీ చేరదీసెను. అతని యాచనయే కుటుంబమున కాధారము. కావున చదువువలన తప్పిపోవు భిక్షసొమ్మును హావీ తానే యిచ్చి పాఠములు ప్రారంభించెను. ఉబ్బెత్తు అక్షరములను వ్రేళ్ళతో తడవి లెస్యూర్ కొలదినెలలలోనే చదువ నేర్చెను. మఱుసటి యేట హావీ పారిసున అంధబాలురకై పాఠశాల నెలకొల్పెను.

చదువు వచ్చినను జీవనోపాధి లేనిచో బాలుడు మరల వీధినే పడునని హావీ యెఱుఁగును. కావున చదువుతోపాటు నూలు వడకుట, అల్లిక, ముద్రణము, సంగీతము నేర్పించెను. అంధుల విద్యనుగూర్చి యతడు రచించిన గ్రంథమును 1786వ సంవత్సరమున ఆ విద్యార్థులే ముద్రించిరి. ఆ యేడు డిసెంబరులో వారు వెర్సేల్సు రాజమందిరమున 16వ లూయీ రాజునెదుట తమ విద్యను ప్రదర్శించిరి.

తరువాత దుర్దినములు వచ్చెను. నెపోలియను పాలనారంభమున ప్రభుత్వము ఆ బాలురను వయోజనులైన అంధుల యాశ్రమములో చేర్చెను. అచ్చట పని మిగిలెను గాని చదువు క్షీణించెను. 1802వ సంవత్సరమున హావీ పదవి విడువవలసివచ్చెను. అయినను నిరాశపడక, 1806వ సంవత్సరమున రష్యాకేగి సెంటు పీటర్సుబర్గున మఱియొక పాఠశాల స్థాపించెను. 1817వ సంవత్సరమున పారిసునకు తిరిగివచ్చి, 1822వ సంవత్సరమున పరమపదించెను. పారిసు పాఠశాల మరల ప్రత్యేకముగా నడువఁగా, 1819వ సంవత్సరమున పదేండ్ల లూయీ బ్రెయిలీ అందు చేరెను. నేడు అంధులు చదువుచున్న చుక్కల లిపి యతనిదే.

విద్యార్థులారా! బడి విడిచిన పిదప బాలుడు తన కాళ్ళపై తాను నిలువఁగలిగిననాడే గురువు పని పూర్తియగును. చదువులేని పనియు, పనికిరాని చదువును సగము మేలే చేయును. ఒక్క బిచ్చగానితో నారంభించి, హావీ యీ సత్యమును లోకమునకు చూపెను.