ఎడమ చేతి తాంబూలం: రాణి మంగమ్మ కథ

ఈసారి గోడపత్రికకి పేరున్న స్త్రీల జీవితాలు రాయాలని మేడమ్ చెప్పగానే మా క్లాసులో సగంమంది రుద్రమదేవిని పట్టుకున్నారు. మిగతావాళ్ళు మొల్లని, రంగాజమ్మని, ముద్దుపళనిని పంచుకున్నారు. నేను మదురై రాణి మంగమ్మ పేరు చెప్తే, ఆమె ఎవరు అని పక్క బెంచీ వాళ్ళు అడిగారు. నాకు ఆశ్చర్యం వేసింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆమె పేరు వినపడని వారం ఉండేది కాదు మరి.

దానికి కారణం పెద్దదేం కాదు. నాది ఎడమచేతి వాటం. మాది మేట్టుపాళయం. నీలగిరి కొండ రైలు బయల్దేరే ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో, బడిలో తమిళం. నేను ఎడమ చేత్తో మురుకు అందుకున్నా, ఎవరికైనా చిల్లర ఇచ్చినా మా అవ్వ వెంటనే ఈ కథ ఎత్తుకునేది. మదురైని ఏలిన రాణి మంగమ్మ ఒకరోజు పరధ్యానంగా ఎడమ చేత్తో తాంబూలం నోట్లో పెట్టుకుందట. తర్వాత తప్పు తెలిసి, దానికి ప్రాయశ్చిత్తంగా దారి పొడుగునా చెట్లు నాటించిందట, సత్రాలు కట్టించిందట, బావులు తవ్వించిందట. ఒక్కసారి చేసినందుకు రాణికే అంత పని పడితే, రోజూ చేసే నీకు ఎంత పడుతుందో చూసుకో అని అవ్వ ముగించేది. ఎనిమిదేళ్ళప్పుడు నేను నిజంగానే ఎన్ని చెట్లు నాటాలో లెక్క వేసుకున్నాను.

బడిలో తమిళ పుస్తకంలో మంగమ్మాళ్ అని ఒక పాఠం వచ్చింది. ఆమె, మా అవ్వ చెప్పే మంగమ్మ ఒకరేనని నాకు కాస్త ఆలస్యంగానే వెలిగింది. ఇప్పుడు ఈ వ్యాసం కోసం దొరికినవన్నీ చదివాక, అవ్వ కథలో లేని మంగమ్మే ఎక్కువ కనబడింది. ఆమె గురించే రాస్తున్నాను.

మంగమ్మ తండ్రి తుపాకుల లింగమ నాయకుడు. మదురై నాయకరాజు చొక్కనాథుడి దగ్గర సేనాని. చొక్కనాథుడు ఆమెను పెళ్ళాడాడు. ఆయన 1659లో గద్దెనెక్కాడు, రాజధానిని మదురై నుంచి తిరుచిరాపల్లికి మార్చాడు. 1673లో తంజావూరు మీదికి వెళ్ళి విజయరాఘవ నాయకుడి వంశాన్ని కూల్చాడు. మనం సాహిత్య చరిత్రలో చదువుకునే ఆ తంజావూరు నాయకుల కొలువు అలా సాటి తెలుగు రాజు చేతిలోనే ముగిసింది. గెలిచిన తంజావూరు కూడా ఆయనకు నిలవలేదు. కొన్నేళ్ళలోనే మరాఠా ఏకోజీ చేతికి పోయింది. ఒకవైపు మైసూరు, ఒకవైపు మరాఠాలు, ఇంకోవైపు మాట వినని సామంతులు. 1682లో చొక్కనాథుడు పోయేసరికి రాజ్యం బాగా చిక్కిపోయి ఉంది.

రాజు చనిపోతే రాణి చితి ఎక్కడం ఆ ఇళ్ళల్లో మామూలుగా జరిగే కాలం అది. మంగమ్మ ఎక్కలేదు. ఆమెకు ఇంకా కుర్రవాడైన కొడుకున్నాడు. పేరు రంగకృష్ణ ముద్దువీరప్ప నాయకుడు. అతను ధైర్యస్థుడు, పోయిన ఊళ్ళు కొన్ని తిరిగి గెలిచాడు. అతని మీద ఒక కథ చెప్పుకుంటారు. ఢిల్లీ పాదుషా తన పాదరక్ష ఒకటి ఏనుగు మీద ఊరేగింపుగా పంపేవాడట. ఎదురొచ్చి దానికి మొక్కి కప్పం కట్టడం రాజుల పని. ఈ కుర్ర రాజు జబ్బు నెపంతో ఎదురు వెళ్ళకుండా దాన్ని తన కొలువుకే రప్పించి, కాలికి తొడుక్కుని, రెండోది ఏదని అడిగాడట. కథ నిజమో కల్పనో గానీ వినడానికి భలే ఉంటుంది.

1689లో ఆ కొడుకు మశూచితో చనిపోయాడు. కోడలు ముత్తమ్మ అప్పుడు నిండు చూలాలు. భర్తతోనే పోతానని ఆమె పట్టుబడితే, కడుపులో బిడ్డ ఉందని మంగమ్మ ఆపింది. మనవడు పుట్టాడు. కొద్ది రోజులకే ముత్తమ్మ కూడా ప్రాణం విడిచింది. ఏడేళ్ళలో భర్త, కొడుకు, కోడలు పోగా మంగమ్మ చేతిలో మిగిలింది ఒక పసివాడు, అటూ ఇటూ లాగుతున్న ఒక రాజ్యం. మూడు నెలల విజయరంగ చొక్కనాథుడికి పట్టం కట్టి, వాడి పేరున ఆమె పాలన మొదలుపెట్టింది. 1706 దాకా, అంటే దాదాపు 17 ఏళ్ళు.

ఆమె మొదట చేసిన పెద్ద పని వింటే కొంతమందికి నచ్చకపోవచ్చు. మొగలులకు కప్పం కట్టింది. అప్పుడు ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాన్ సెంజి కోటను ముట్టడించి ఉన్నాడు. బీజాపూరు, గోల్కొండ అప్పటికే పడిపోయాయి. 1693లో మంగమ్మ విలువైన కానుకలు పంపి పాదుషా అధికారాన్ని ఒప్పుకుంది. పాదరక్ష తొడుక్కున్న కొడుకుకు తల్లి ఇలా చేసిందేమిటని నేనూ మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, కొడుకు కథ చప్పట్లు కొట్టడానికి బాగుంది గానీ, అంత సైన్యం ముందు నిలబడే బలం ఆ రాజ్యానికి లేదు. ఆమె డబ్బు పోగొట్టుకుని మనుషులను కాపాడుకుంది. పైగా ఆ స్నేహాన్ని వాడుకుని ఇతరులు ఆక్రమించిన కొన్ని ఊళ్ళు వెనక్కి రాబట్టుకుంది కూడా.

అలాగని ఎప్పుడూ తలవంచుకునే మనిషి కాదు. తిరువాన్కూరు రాజు రవివర్మ కప్పం ఎగ్గొడితే దళవాయి నరసప్పయ్యను పంపి బాకీ వసూలు చేయించింది. తంజావూరు షాజీ సైనికులు సరిహద్దు ఊళ్ళను దోస్తుంటే 1700లో అదే నరసప్పయ్య తంజావూరు మీదికి వెళ్ళి వాళ్ళ చేత డబ్బు కట్టించుకున్నాడు. ఆ కాలంలోనే మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డంగా ఆనకట్ట కట్టాడు. కింద నీళ్ళు రాలేదు. నిన్నటి వరకు కొట్టుకున్న మంగమ్మ, షాజీ అప్పుడు ఒక్కటయ్యారు. ఇద్దరి సైన్యాలూ బయల్దేరేలోపే వరదొచ్చి కట్ట తెగిపోయింది, యుద్ధం తప్పింది. కావేరి గొడవ మనం పేపర్లో ఇప్పటికీ చదువుతున్నాం కదా, అప్పటికే అది పాతబడింది.

ఓటములూ ఉన్నాయి. 1702లో రామనాథపురం సేతుపతి మీదికి పంపిన సైన్యం ఓడిపోయింది. నరసప్పయ్య ఆ యుద్ధంలోనే చనిపోయాడు. దాంతో మరవసీమ మదురై చేయి దాటింది. వ్యాసం అందంగా ఉంటుందని ఇది దాచడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి. ఆమె వైష్ణవ, శైవ గుళ్ళకు ఎన్నో దానాలు చేసింది. అదే సమయంలో క్రైస్తవ పాదిరీలను తన రాజ్యంలో తిరగనిచ్చింది. సేతుపతి తన సీమలో జాన్ ది బ్రిట్టో పాదిరికి 1693లో శిరచ్ఛేదం చేయించిన రోజులవి. అలాంటప్పుడు తిరుచిరాపల్లికి వచ్చిన బూషే పాదిరిని మంగమ్మ తన కొలువులో మర్యాదగా ఆదరించింది.

ఇక సత్రాలు, చెట్లు. మదురై రైల్వే స్టేషన్‌లో దిగి బయటికి వస్తే ఎదురుగానే మంగమ్మాళ్ చత్రం ఉంది. దక్షిణాన పాత బాటలను కొన్నిచోట్ల ఇప్పటికీ మంగమ్మాళ్ సాలై అంటారు. ఇంత పని ఎడమ చేతి పాపానికి ప్రాయశ్చిత్తమని కథ ఎందుకు పుట్టిందో నాకు తెలియదు గానీ, ఒక మగ రాజు చెట్లు నాటిస్తే దాన్ని రాజనీతి అంటాం. అశోకుడు బాటల పక్కన చెట్లు నాటించాడని చదువుకున్నాం. ఆయన ఏ చేత్తో ఆకు నమిలాడని ఎవరూ అడగలేదు. దారిన పోయేవాళ్ళకు నీడ, నీళ్ళు, పడుకోను చోటు ఉంటే వర్తకులు వస్తారు, యాత్రికులు వస్తారు, సుంకం వస్తుంది. అది మంగమ్మకు తెలిసే చేసిందని నా నమ్మకం.

ఆమె చివరి రోజులు రాయడం కష్టంగా ఉంది. మంత్రి అచ్చయ్యతో ఆమెకు సంబంధం అంటగట్టి జనం చెప్పుకున్నారు. మనవడు పెద్దవాడయ్యాక అధికారం వదలడానికి ఆమె ఒప్పుకోలేదని, అందుకే ఆమెను మదురై కోటలో బంధించారని, ఆకలితో ఉన్న మనిషికి కనబడేలా, చేతికి అందకుండా అన్నం పెట్టి చంపారని ఒక కథ ఉంది. చరిత్రకారులు దీన్ని అనుమానంతోనే చూశారు, నమ్మడానికి గట్టి ఆధారం లేదు. కానీ 17 ఏళ్ళ పాలన కంటే ఈ రెండు మాటలే ఎక్కువమందికి తెలుసు. ఆడమనిషి గురించి మనం ముందు ఏం గుర్తుపెట్టుకుంటామో ఆలోచించుకోవాలి.

ఆ మనవడు విజయరంగ చొక్కనాథుడు 1732 దాకా ఏలాడు. ఆయన పేరు మీలో కొందరికి గుర్తొచ్చే ఉంటుంది. దక్షిణాంధ్ర వచనం పాఠంలో శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం రాసింది ఆయనే. పరీక్షకు ఆ పేర్లు బట్టీ పట్టాం, ఆయన్ని పెంచిన చేతుల సంగతి మాత్రం చదవలేదు. ఆయన తర్వాత రాజ్యం ఆయన భార్య మీనాక్షి చేతికి వచ్చింది. చందా సాహెబు ఆమెను నమ్మించి మోసం చేశాడు. మంగమ్మ పోయిన ముప్పై ఏళ్ళకే మదురై నాయకరాజుల కథ అయిపోయింది. అంతకుముందు దాన్ని అంతకాలం నిలబెట్టడం ఎంత పనో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. మంగమ్మ మా ఊరి రాణి కాదు. ఆమె కాలానికి మా కొంగునాడు చాలావరకు మైసూరు వాళ్ళ చేతికి పోయింది. అయినా తమిళ పుస్తకంలో ఒక పేరుతో, తెలుగింట్లో ఇంకో పేరుతో ఉన్న ఆమె నాకు నా మనిషిలాగే అనిపిస్తుంది. నన్నూ బడిలో ఒకలాగా, ఇంట్లో ఒకలాగా పిలుస్తారు. బడి నుంచి మదురై టూరుకు వెళ్ళినప్పుడు గాంధీ మ్యూజియంలో ఆయన రక్తపు మరకల వస్త్రం చూసి బయటికి వచ్చేశాను. ఆ భవనం తముక్కం, మంగమ్మ వేసవి విడిది అని ఇప్పుడు చదివి తెలుసుకున్నాను. ఆమె ఇంట్లో గంటసేపు తిరిగి, ఆమెను తలచుకోకుండానే వచ్చేశానన్నమాట.

పోయిన సెలవుల్లో ఇదంతా అవ్వకు చదివి వినిపించాను. కప్పం, కావేరి, సేతుపతి, పాదిరీలు అన్నీ ఓపిగ్గా వింది. ఎడమ చేతి కథ గురించి ఏమైనా అంటుందేమోనని చూశాను. అవ్వ దాని ఊసెత్తలేదు. అంతమందికి సత్రాలు కట్టి అన్నం పెట్టిన మనిషికి చివర్లో పిడికెడు ఎవరూ పెట్టలేదా అని మాత్రం అడిగింది. అది ఉత్త కథే కావచ్చని చెప్పాను. ఐతే సరే అని లేచి వంటింట్లోకి వెళ్ళి, నాకు తట్టలో మురుకులు తెచ్చి ముందు పెట్టింది. ఏ చేత్తో తీసుకున్నానో ఆ రోజు చూడలేదు.

తెలుగు అక్షరాలు నేను ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఇందులో తప్పులుంటే మేడమ్‌లు, మీరూ పెన్సిల్‌తో దిద్దండి. రాత కొంచెం వెనక్కి వాలినట్టు ఉంటే మన్నించండి. ఇదంతా ఎడమ చేత్తోనే రాశాను.