కె.వి. రెడ్డి: మాయలలో మనుషులు

తెలుగు తెరపై మాయలు చూపిన దర్శకులు పెక్కుమంది. ఆ మాయల నడుమ మనిషిని మరువనివారు కదిరి వెంకటరెడ్డిగారు.

అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో జన్మించిన రెడ్డిగారు మద్రాసు చేరి, వాహినీ సంస్థలో పనిచేసి, 1942లో 'భక్త పోతన'తో దర్శకులైనారు. 1947లో 'యోగి వేమన' తీసినారు. కవుల జీవితాలతో ప్రారంభించిన ఆయన మానవహృదయాన్నే మొదట చిత్రించినారు. 1951లో 'పాతాళభైరవి' తీసినప్పుడూ ఆ దృష్టి సడలలేదు. మాంత్రికుని మహిమలకంటె, రాకుమారిపై మనసుపడిన తోటరాముని సాహసమే కథను నడిపినది.

ఈ కళ 1957లో 'మాయాబజార్'లో పండినది. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లే చాతుర్యంతో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుని నోట పడతవి. ప్రియదర్శిని పేటికలో శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. అక్కడ మాయ ఆమె వలపును తెలుపుటకే వచ్చినది. ఇక ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన పిమ్మట మాయాభారమంతా సావిత్రి అభినయంపైనే పడినది. రూపం కన్యదే అయినా, నడకలో, చూపులో, కనుబొమల విరుపులో ఆ రాక్షసుడే కనబడతాడు. ఆ అభినయానికి యంత్రసహాయం అక్కరలేకపోయినది.

1972లో రెడ్డిగారు కీర్తిశేషులైనారు. 2010లో హైదరాబాదులో 'మాయాబజార్'కు కంప్యూటరు సాయంతో రంగులద్దినారు. అప్పుడును ప్రేక్షకులను నవ్వించినది ఆ పాత అభినయమే.

యంత్రవైభవం పెరిగినకొద్దీ హాలీవుడ్ చిత్రాలలో పాత్రలు పలచబడుతున్నవన్న ఆక్షేపణ నేడు తరచు వినబడుతున్నది. మన చిత్రాలకు ఆ మాట రాకూడదనుకొనేవారు రెడ్డిగారి చిత్రాలను శ్రద్ధగా చూడవలెను.